తోప్ కా సాంచా దగ్గర మెట్రో ఆగదు

గన్‌ఫౌండ్రీ అనే మాట పలకని రోజు హైదరాబాద్‌లో ఉండదు. ఆటోవాలా పలుకుతాడు, బస్ కండక్టర్ పలుకుతాడు, బ్యాంకు కాగితాల మీద అచ్చయి ఉంటుంది. మాటలో గన్ ఉంది, ఫౌండ్రీ ఉంది. అక్కడికి పోతే ట్రాఫిక్ ఉంటుంది, దుకాణాలుంటాయి, పార్కింగ్ కోసం కొట్లాట ఉంటుంది. అది ఒక కార్ఖానా పేరని, సర్కారు సొమ్ముతో ఫిరంగులు పోసిన జాగా అని ఎంతమందికి ఎరుక?

మన పెద్దలు దాన్ని గన్‌ఫౌండ్రీ అనలేదు. తోప్ కా సాంచా అన్నారు. తోప్ అంటే ఫిరంగి. సాంచా అంటే అచ్చు, మూస. సిరిసిల్లకు పోతే మరమగ్గాన్ని ఇప్పటికీ సాంచా అనే అంటారు, అంటే ఈ మాట తెలంగాణ తెలుగులో ఎన్నడో కలిసిపోయింది. అయినా బోర్డు మీదికి ఇంగ్లీషు పేరే ఎక్కింది. సాంచా మజ్‌దూర్ల నోట్లో మిగిలింది.

మా చిక్కడపల్లి నుంచి అక్కడికి నారాయణగూడ, హైదర్‌గూడ, బషీర్‌బాగ్ మీదుగా మూడు కిలోమీటర్లకు అటూఇటూ. అశోక్‌నగర్ గల్లీల్లో, సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద, చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు వేలమంది ఉంటారు. వాళ్లకు తోప్ కా సాంచా బాగానే తెలుసు. ఒక బిట్ లెక్క తెలుసు. మొన్న చాయ్ దగ్గర ఒక తమ్మున్ని అడిగితే ఆలోచించకుండా చెప్పిండు: "1795, రేమండ్, రెండో నిజాం. మస్తుసార్లు చదివిన్నన్నా." చూసినవా తమ్మీ అంటే నవ్విండు. "చూసుడు సిలబస్‌ల లేదు కద భాయ్."

వాడి తప్పేం లేదు. సిలబస్‌లో సాల్ ఉంది, సంగతి లేదు. ఆ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలనే ఈ రాత.

1795 మార్చిలో అహ్మద్‌నగర్ దిక్కున ఖర్దా అనే చోట రెండో నిజాం అలీ ఖాన్ ఫౌజ్, మరాఠాల ఫౌజ్ ఎదురుబొదురయ్యాయి. నిజాం వైపు ఆడవాళ్ల పల్టన్ కూడా ఉంది, జఫర్ పల్టన్ అనేవారు (సినిమావాళ్ల కళ్లు దీని మీద ఇంకా ఎందుకు పడలేదో నాకు అర్థం కాదు). ఫ్రెంచ్ సిపాయి రేమండ్ తయారుచేసిన పల్టన్లు గట్టిగానే నిలబడ్డాయి. కానీ నిజాం రాత్రికి రాత్రి గాబరాపడి వెనక్కి తగ్గమని హుకుం ఇచ్చి, ఖర్దా చిన్న కోటలో చొరబడ్డాడు. చుట్టూ మరాఠాలు. లోపల తాగే నీళ్లకు కూడా తక్లీఫ్. చివరికి కోట్ల రూపాయల బాకీ ఒప్పుకుని, దౌలతాబాద్ కోట వదులుకుని, తన దివాన్ అరస్తూ జాహ్‌ను పుణెకు తాకట్టు పంపి బయటపడ్డాడు.

అప్పటికే నిజాం కిరాయి ఇచ్చి పెట్టుకున్న రెండు ఇంగ్లీష్ బెటాలియన్లు ఉన్నాయి. మరాఠాల మీదికి మేం రాం అన్నాయి. అప్పటి గవర్నర్ జనరల్ జాన్ షోర్‌ది "మేం ఎవరి పక్షం కాదు" అనే వైఖరి. పైసలు తీసుకుని జంగ్ రోజున చేతులు కట్టుకునే ఫౌజ్ ఎందుకని నిజాం వాళ్లను వెళ్లగొట్టాడు. రేమండ్ పల్టన్లను పెంచాడు. అదే సాల్ ఫతే మైదాన్ పక్కన తోప్ కా సాంచా లేచింది.

అంటే ఇది షాన్ కోసం కట్టిన ఇమారత్ కాదు. ఓడిపోయి, ఇజ్జత్ పోగొట్టుకుని, పరాయి ఫౌజ్ మీద భరోసా పోయిన హుకూమత్ తన ఆయుధం తానే పోసుకోవాలని కట్టుకున్న కార్ఖానా. చార్మినార్‌కు, చౌమహల్లాకు, దీనికి ఉన్న ఫరక్ అదే.

ఫిరంగి పోయడం మామూలు పని కాదు. ఆ జమానాలో మంచి ఫిరంగి కంచుతో పోసేవారు. పది పాళ్లలో తొమ్మిది రాగి, ఒకటి తగరం. ముందు మట్టి, పేడ, వెంట్రుకలు కలిపి పిసికి, పొరలు పొరలుగా మూస చేయాలి. దాన్ని ఎండబెట్టాలి, కాల్చాలి. లోపల కాస్త తడి ఉన్నా కాగిన లోహం తగలగానే మూస పేలిపోతుంది, పక్కన నిలబడ్డవాడు మిగలడు. లోతైన గుంతలో మూసను నిలువునా దింపి, చుట్టూ మన్ను దట్టించి, కొలిమి నోరు తెరిచి కంచు వదలాలి. మధ్యలో ధార ఆగితే మొత్తం ఖరాబ్. చల్లారిన తర్వాత పై తల కోసేసి, గొట్టం తొలిచి, మందు దట్టించి పరీక్ష చేయాలి. పరీక్షలో పగిలితే మళ్లీ కొలిమిలోకి. ఒక్క ఫిరంగికి వారాల తరబడి మెహనత్. ఇనుప గుండ్లు వేరే పని.

ఇదంతా ఒక ఫ్రెంచ్ సాహెబ్ తన రెండు చేతులతో చేశాడా? మన్ను పిసికినవాళ్లు, కట్టెలు మోసినవాళ్లు, కొలిమి తిత్తులు ఊదినవాళ్లు ఈ ముల్క్ మనుషులే. మనం యాది పెట్టుకున్నది మాత్రం ఒక్క పేరు. రేమండ్ మీద నాకేం కోపం లేదు. ఫ్రాన్స్‌లోని గాస్కొనీలో పుట్టి, 1775లో పుదుచ్చేరిలో దిగి, మైసూరు కొలువు, ఫ్రెంచ్ జనరల్ బుస్సీ కొలువు చేసి హైదరాబాద్ చేరిన కిరాయి సిపాయి. కాబిల్ మనిషి. కొద్ది వందల మందితో మొదలుపెట్టి సుమారు 14,000 మంది ఫౌజ్ తయారుచేశాడు. వాళ్ల ఖర్చుకు నిజాం జాగీర్లు రాసిచ్చాడు. అంటే తోపులకు పోసిన రాగి వెనక తెలంగాణ రైతు కట్టిన శిస్తు ఉంది. ఇంకో తమాషా ఏమంటే ఆ పల్టన్లు మోసింది మూడు రంగుల ఫ్రెంచ్ జెండా. రాజు తల నరికిన ఇన్‌కిలాబ్ జెండా నీడన ఒక నిజాం కూర్చున్నాడు. తవారీఖ్ ఒక్కోసారి ఇట్లా జోకులేస్తుంది.

మూడేళ్లు గడిచాయి. 1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. విషం పెట్టారని గుసగుసలు పుట్టాయి. ఆ ఎండాకాలంలోనే కొత్త గవర్నర్ జనరల్ దిగాడు, తర్వాత వెల్లెస్లీ పేరుతో మనం చదువుకున్న మనిషి. ఫ్రెంచ్ అనే మాట చెవిన పడితే చాలు, ఆయనకు నిద్ర పట్టేది కాదు. సెప్టెంబర్ 1న నిజాం సంతకం పెట్టాడు. దేశంలో సైన్య సహకార పద్ధతికి ముందుగా ఒప్పుకున్న పెద్ద రియాసత్ హైదరాబాదే. షరతు సాఫ్‌గా ఉంది: ఫ్రెంచ్ వాళ్లను తీసేయాలి, వాళ్ల ఫౌజ్‌ను రద్దు చేయాలి, బదులుగా ఇంగ్లీష్ వాళ్ల ఆరు బెటాలియన్లను పెట్టుకోవాలి.

ఆ ఇంగ్లీష్ పల్టన్లు ఎక్కడి నుంచి నడిచి వచ్చాయో తెలుసా? గుంటూరు నుంచి. గుంటూరు సర్కార్‌ను నిజాం పదేళ్ల ముందు, 1788లో కంపెనీకి అప్పజెప్పాడు. ఇచ్చిన ఊరి నుంచే బేడీలు వచ్చాయి.

అక్టోబర్ 22న ఫ్రెంచ్ ఛావనీని చుట్టుముట్టారు. 11,000 మందికి పైగా సిపాయిలు ఆయుధాలు కింద పెట్టేశారు. జంగ్ జరగలేదు. ఎందుకు జరగలేదన్నది నాకు అసలు ముచ్చట. ఆ సిపాయిలకు తన్‌ఖా బకాయి ఉంది. ముందు రోజే వాళ్లు తిరగబడి, రేమండ్ తర్వాత వచ్చిన పీరోన్‌ను, తమ అఫ్సర్లను పట్టి బంధించారు. బకాయి చెల్లిస్తామని భరోసా ఇవ్వగానే ఎటోళ్లు అటు పోయారు. తోపులు పోసుకోగలిగిన హుకూమత్ సిపాయికి వక్తుకు జీతం ఇవ్వలేకపోయింది. ఏ ఫౌజ్ కోసం తోప్ కా సాంచా కట్టారో ఆ ఫౌజ్ మూడేళ్లకే లేకుండాపోయింది.

ఇక్కడి నుంచి హిసాబ్ చూడండి.

కొత్త ఫౌజ్ కోసం నిజాం సాలుకు కట్టాల్సింది 24,17,100 రూపాయలు. రెండేళ్లయింది. 1800 అక్టోబర్ 12న ఇంకో ఒప్పందం. ఫౌజ్ ఇంకా పెంచుతాం, నగదు వద్దు, జమీన్ ఇవ్వండి అన్నారు. టిప్పు సుల్తాన్ మీద జంగుల్లో నిజాం వాటాకు వచ్చిన ఇలాకా మొత్తం, అంటే బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కంపెనీకి పోయాయి. మొదటి కలెక్టర్‌గా థామస్ మన్రో దిగాడు. దత్త మండలాలు అని పేరు పడింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అని పేరు పెట్టేదాకా ఆ జనం "ఇచ్చేసిన" మనుషులుగానే బతికారు. అశోక్‌నగర్‌లో నేను ఈ సంగతి చెబుతుంటే కడప నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడ్డం పడ్డాడు: "అంటే మా సీమను ఫౌజు జీతం కింద రాసిచ్చినారా అన్నా?" అవును తమ్ముడూ, అచ్చం అంతే.

హిసాబ్ అక్కడ ఆగలేదు. హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకో ఫౌజ్ పుట్టింది. ఖర్చు నిజాంది, హుకుం ఇంగ్లీష్ వాళ్లది. బాకీ పెరిగింది. 1853లో ఆ బాకీ కింద బేరార్ పోయింది, పత్తి పండే బంగారం లాంటి జమీన్. 1902లో కర్జన్ వచ్చి దాన్ని సాలుకు 25 లక్షల కిరాయికి శాశ్వత లీజు రాయించుకున్నాడు. జమీన్ నిజాంది, కిరాయిదారు ఇంగ్లీష్ దొర, ఖాళీ చేయించే దమ్ము ఎవరికీ లేదు. హైదరాబాద్‌లో ఇల్లు కిరాయికి ఇచ్చిన ప్రతివాడికీ ఈ బాధ అర్థమవుతుంది.

1948 ముచ్చట కూడా ఇక్కడికే వస్తుంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో తుపాకులు దొంగతనంగా దింపాల్సిన గతి హైదరాబాద్‌కు ఎందుకు పట్టిందన్నది పెద్ద కథ. దాని మీద ఇంకో రోజు రాస్తాను.

తోప్ కా సాంచా గురించి నా మాట ఇంతే. అది రేమండ్ గొప్పతనానికి నిషానీ కాదు. రాయలసీమ ఎట్లా విడిపోయింది, బేరార్ ఎట్లా పోయింది, సికింద్రాబాద్ ఛావనీ ఎట్లా పుట్టింది అనే మూడు సవాళ్లకు జవాబు మొదలయ్యే జాగా. ఆ జవాబును మన సర్కార్లు, అది ఏ పార్టీదైనా సరే, చెత్త పక్కన వదిలేశాయి.

ఇప్పుడు మెట్రో ఎక్కండి. ఆకుపచ్చ లైన్, 2020 ఫిబ్రవరిలో మా ఇలాకాకు వచ్చింది. సికింద్రాబాద్ వెస్ట్‌లో ఎక్కితే, ఆ ఊరి పేరే 1806లో మూడో నిజాం సికందర్ జాహ్ పేరు మీద ఇంగ్లీష్ ఛావనీకి పెట్టింది. తర్వాత ముషీరాబాద్. ఖర్దాలో తాకట్టు పోయిన దివాన్ అరస్తూ జాహ్ బిరుదు ముషీర్ ఉల్ ముల్క్, ఈ బస్తీకి ఆయన పేరే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ దాటితే సుల్తాన్ బజార్. దాని పాత పేరు రెసిడెన్సీ బజార్, 1933లో నిజాం చేతికి తిరిగి వచ్చాక పేరు మారింది. కాస్త నడిస్తే రేమండ్ ఫౌజ్‌ను రద్దు చేయించిన కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ. ఎంజీబీఎస్‌లో లైన్ మారి ఎల్బీనగర్ రైలెక్కితే మలక్‌పేట్, న్యూ మార్కెట్, ఆ తర్వాత ముసారాంబాగ్. మాన్సియర్ రేమండ్ మన నోట్లో పడి ముసారాం అయ్యాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు పోయే పిల్లలు రోజూ ఈ నలుగురి పేర్లూ మైకులో వింటారు. మూడో నిజాం, తాకట్టు దివాన్, ఇంగ్లీష్ రెసిడెంట్, ఫ్రెంచ్ సిపాయి. 1798 మొత్తం ఒక్క టికెట్‌లో అయిపోతుంది. ఆగనిది తోప్ కా సాంచా దగ్గర ఒక్కటే.

ముసారాం ముచ్చట వచ్చింది కాబట్టి ఒక మాట. హిందువులు మూసా రాం అన్నారు, ముసల్మాన్లు మూసా రహీం అన్నారు అని మన షహర్‌లో అందరూ మురిసిపోతూ చెబుతారు. ఆయన వర్ధంతికి మజార్ దగ్గర చుట్టల పెట్టె, బీరు సీసా పెట్టేవారట. బీరు సీసాతో ఉర్స్ ఎక్కడైనా విన్నారా? నాకూ ఈ కిస్సా పసందే. కానీ ఏ సభలో గంగా జమునీ తెహజీబ్ మీద మాట్లాడాలన్నా ఈ కిస్సా తీసి సర్టిఫికెట్ లాగా చూపించడం నాకు నచ్చదు. రెండు మజ్‌హబ్‌ల వాళ్లు ఒక సిపాయిని ప్రేమించారు, బాగుంది. ఆ సిపాయి కార్ఖానా ఏమైందని రెండు మజ్‌హబ్‌ల వాళ్లూ అడగరేం? ఆ మజార్ పక్కన మంటపం కూడా 2001లో కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు. సాంచాకు ఆ నసీబ్ కూడా లేదు.

సున్నంతో కట్టిన మందపాటి గోడలు కొన్ని మిగిలాయి. రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాలో పేరుంది. జాబితాలో ఉండటం వేరు, రక్షణ ఉండటం వేరు. చుట్టూ ఇమారతులు, మొలిచిన చెట్లు, చెత్త. తెలియనివాడు పక్క నుంచి పోతే పాత గోదాం కూలిపోయిందనుకుంటాడు.

దాని పేరుతో బతికిన సంస్థ మాత్రం ఒకటుంది. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ పుట్టింది, రియాసత్ సొంత సిక్కా ఉస్మానియా సిక్కా లావాదేవీలు చూసేది. తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. హెడ్ ఆఫీస్ గన్‌ఫౌండ్రీలోనే. 2017 ఏప్రిల్ 1న అది కూడా పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. ఒకే ఇలాకాలో హైదరాబాద్ తన ఫౌజ్ పోగొట్టుకుంది, తన బ్యాంకు పోగొట్టుకుంది. బ్యాంకు కలిసినప్పుడు ముషాయిరాల్లో కూడా మాట్లాడుకున్నాం. సాంచా గురించి ఒక్క మాట లేదు.

అదే సమయంలో కోఠి రెసిడెన్సీ చూడండి. 1803లో కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టాడు, పైసలు నిజాం ఖజానావి. మహిళా కళాశాల అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయం. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ చేయూతతో దాని దర్బార్ హాల్, మెట్లు, పైకప్పు ఎంతో ఓపికగా బాగుచేశారు. బాగుచేసినవాళ్లకు సలాం. ఆడపిల్లలు చదువుకునే ఇమారత్ నిలబడాలి, ఐలమ్మ పేరు అక్కడ ఉండాలి. కానీ గెలిచినవాడి కోఠీ మిలమిలా మెరుస్తుంటే ఓడినవాడి కార్ఖానా ఖండర్‌గా మిగలడం ఏమిటని అడగకుండా ఉండలేను. కారణం కూడా నాకు తెలిసినట్టే ఉంది. రెసిడెన్సీకి కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల ఇష్క్ కథ ఉంది. ఇష్క్ అమ్ముడుపోతుంది. హిసాబ్ అమ్ముడుపోదు.

పాత సర్కారీ కార్ఖానాను ఏం చేయొచ్చో తెలియాలంటే సముద్రాలు దాటనవసరం లేదు, సైఫాబాద్ దాకా పోతే చాలు. 1903లో పెట్టిన టంకశాల అక్కడుంది. పని చర్లపల్లికి మారిపోయాక ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. 2022లో మ్యూజియం చేసి తలుపులు తెరిచారు. నాణెం ఎట్లా పోస్తారు, ఎట్లా అచ్చు వేస్తారు అని మెషీన్లు పెట్టి చూపిస్తున్నారు. పిల్లలు కళ్లింత చేసుకుని చూస్తారు. రాజు బొమ్మ మీద కాదు, పని మీద కట్టిన మ్యూజియం. నాకు అదే బాగా నచ్చింది.

సముద్రం దాటాలనుకున్నా నమూనాలున్నాయి. లండన్‌లో వూల్విచ్ ఆర్సెనల్ మన సాంచా లాంటిదే, చాలా పెద్దది. ఆర్సెనల్ ఫుట్‌బాల్ టీం చొక్కా వేసుకుని అశోక్‌నగర్‌లో తిరిగే పిల్లలకు చెబుతున్నాను: ఆ చొక్కా మీద ఫిరంగి బొమ్మ ఎందుకుందో తెలుసా? 1886లో ఆ టీం పెట్టింది ఆ ఆయుధ కార్ఖానా మజ్‌దూర్లు. 1967లో కార్ఖానా మూతపడింది, ఆ తర్వాత అక్కడ ఖరీదైన ఫ్లాట్లు లేచాయి. గోడలు బతికాయి, మజ్‌దూర్ బిడ్డ అక్కడ ఇల్లు కొనలేడు. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఇంకో దారి పట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆయుధ కార్ఖానా భవనంలో 1997 నుంచి కళల మ్యూజియం నడుస్తోంది. యుద్ధం రెండో సారి వచ్చినప్పుడు అక్కడ బలవంతపు చాకిరీ చేయించారన్న సంగతి కూడా దాచుకోలేదు.

నాకు భయం కూడా ఉంది. మన దగ్గర "అభివృద్ధి" అనే మాట వినిపిస్తే ముందు చిన్న దుకాణాల మీద బుల్‌డోజర్ నడుస్తుంది, తర్వాత రంగురంగుల లైట్లు, ఒక ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్. ఆరు నెలలకు ఫౌంటెన్‌లో దోమలు. లేకపోతే ఇందిరా పార్కు దిక్కున మూతపడ్డ డీబీఆర్ మిల్లు లాగా, జమీన్ ధర ఒక్కటే మాట్లాడుకుంటారు, అక్కడ పనిచేసిన మనుషుల ఊసు ఉండదు. తోప్ కా సాంచాకు ఇవేవీ అవసరం లేదు. చెట్ల వేర్లు తీసి, సున్నంతోనే గోడలు ఆపాలి, సిమెంటు పూయొద్దు. రోడ్డు మీద నుంచి కనిపించే దారి ఒకటి ఉండాలి. మూస ఎట్లా చేసేవారో, గుంతలో ఎట్లా పోసేవారో చూపించే ఒక నమూనా ఉండాలి. పెంబర్తిలో ఇప్పటికీ లోహం మీద పనిచేసే ఉస్తాదులున్నారు, వాళ్లను పిలిచి చేయించండి, కన్సల్టెంట్లను కాదు. చుట్టుపక్కల చాయ్ బండివాన్ని పంపించకండి. చూడ్డానికి వచ్చినవాళ్లు చాయ్ ఎక్కడ తాగాలి?

ఆయుధ కార్ఖానాను యాది చేసుకోవడం ఏం మంచి పని అని ఒక దోస్తు అడిగాడు. మంచి సవాలే. తోపులు మనుషుల్ని చంపడానికే పోశారు, పూజ చేయమని నేను అనడం లేదు. కానీ ఇదే షహర్‌లో బీడీఎల్ మిసైళ్లు తయారుచేస్తుంది, ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన కార్ఖానాలో జంగీ బండ్లు తయారవుతున్నాయి. 2021లో దేశంలోని సర్కారీ ఆయుధ కార్ఖానాలన్నిటినీ ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు మజ్‌దూర్ యూనియన్లు లొల్లి పెట్టాయి. ఆయుధం ఎవరు పోయాలి, ఎవరి పైసలతో పోయాలి, పోసినవాడికి జీతం ఎవరివ్వాలి అనే బహస్ ఈ గడ్డ మీద 1795లోనే మొదలైంది. అది తెలియకుండా ఈనాటి బహస్‌లో మనం ఏం మాట్లాడతాం?

ఇంకో సవాల్ మాటల్లో రాదు, చూపులో వస్తుంది. నా పేరు చూసి, నేను నిజాం ఇమారత్ గురించి రాస్తే, "వీళ్ల నిజాం కదా" అని. సాఫ్‌గా చెబుతాను. మా తాత నిజాం దర్బార్ గడప తొక్కలేదు, సైకిళ్లకు పంక్చర్లు వేసి మమ్మల్ని సాకిండు. నిజాం జాగీర్లకు నేను వారసున్ని కాను, ఆయన తప్పులకు జామీన్‌దార్‌నీ కాను. తోప్ కా సాంచాకు శిస్తు కట్టింది అన్ని కులాల, అన్ని మజ్‌హబ్‌ల రైతులు. దాని హిసాబ్ కింద పోయింది కడప, అనంతపురం. అక్కడి రెడ్డికి, దూదేకులకు, మాదిగకు కూడా ఈ గోడ మీద నాకున్నంత హక్కు ఉంది. అందుకే అడుగుతున్నాను.

పురావస్తు శాఖవారికి ఒక దర్ఖాస్తు. అక్కడ పెట్టే బోర్డులో "ఫ్రెంచ్ జనరల్ నిర్మించిన అద్భుత కట్టడం" అని రాయకండి. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీష్‌లో ఇట్లా రాయండి: "తోప్ కా సాంచా, 1795. ఖర్దాలో ఓడిన తర్వాత సొంత ఫిరంగులు పోసుకోవడానికి హైదరాబాద్ ప్రభుత్వం కట్టిన కార్ఖానా. పనిచేసినవారు ఈ ప్రాంతపు మజ్‌దూర్లు. నడిపినవాడు రేమండ్. 1798లో దీని ఫౌజ్ రద్దయింది. ఆ తర్వాత వచ్చిన ఫౌజ్ ఖర్చు కింద 1800లో రాయలసీమ, 1853లో బేరార్ పోయాయి."

తర్జుమా ఖర్చు వాళ్లకు అక్కర్లేదు. ఉర్దూ ముక్క నేను రాసిస్తాను, ఇంగ్లీష్ ముక్క లైబ్రరీ మెట్ల మీద కూర్చున్న పిల్లలు రాసిస్తారు. నాటడానికి రెండు ఇనుప పైపులు, ఒక బస్తా సిమెంటు చూసుకుంటే చాలు. ఆ సిమెంటు బోర్డు కాళ్లకే, గోడకు కాదు.